తెల్లరేకు మీద నల్లచుక్క

ఫిలోమినా కుడికన్ను పోయి రెండేళ్ళయింది. హీరోయిన్లకి డూప్‌గా గోడలు దూకి, గుర్రాలెక్కి, అద్దాలు బద్దలుకొట్టుకుని బయటికొచ్చిన పిల్ల ఆమె. ఫిల్మ్‌నగర్ వెనక బండల్లో తీసిన ఒక సీన్‌లో ఆమె పరిగెత్తి కారు దాటాక కారు పేలాలి. దాటకముందే పేలింది. ఆ రోజు ఎర్రజెండా దించి పేల్చమని సైగ చేసింది ఆ సినిమా హీరో, నిర్మాత సూర్యప్రకాశరావు. ‘అమ్మాయి కారు దాటింది. దాటాక ఎందుకో వెనక్కి తిరిగింది. నా రెండు కళ్ళతో చూశాను’ అని యూనియన్ ముందు ఆయన చెప్పాడు. ఆ ఒక్కమాట మీద ఆమె కార్డు రద్దయింది. మాట వినని డూప్ అన్న పేరు పడ్డాక మళ్ళీ ఎవరూ పిలవలేదు.

కృష్ణానగర్‌లో అద్దెగది. తండ్రి దేవకుమార్ పోతూ వదిలివెళ్ళిన పన్నెండు బోరు జంటగొట్టాల తుపాకీ. చిన్నప్పుడు ఆయన నేర్పిన విద్యనే, మిగిలిన ఎడమకన్నుతో, ఎడమభుజం మీదికి మార్చుకుని మొదటినుంచీ నేర్చుకుంటోంది ఫిలోమినా. గాల్లోకి ఎగిరే మట్టిపళ్ళాలు పగలగొట్టే పోటీకి రాష్ట్ర జట్టు ఎంపిక ఆదివారమే. పళ్ళాలు మాత్రం పగలడం లేదు. తుపాకీ ఎటు కొడుతోందో పరీక్షించి, మనిషికి తగ్గట్టు సరిచేయగలిగినవాడు ఆమెకి తెలిసి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. ఆయనే సూర్యప్రకాశరావు. ఆయన భార్య శారదాదేవి, ఆసుపత్రిలో ఫిలోమినా మంచం పక్కన కూర్చుని ఏడ్చిన ఒకే ఒక్క మనిషి, గది కింద కిరాణాకొట్టుకి ఫోన్ చేసి ఆమెని పిలిపించింది. “ఆయన్ని ఒప్పించానమ్మా. శుక్రవారం పొద్దున్నే రా. ఆయన ఏమన్నా పట్టించుకోకు” అంది.

శుక్రవారం పొద్దున ఫిలోమినా జూబ్లీహిల్స్‌లో ఆ గేటు ముందు నిలబడింది. భుజాన కాన్వాసు సంచిలో తుపాకీ. వెనక్కి వెళ్ళిపోదామా అని ఒకసారి అనిపించింది కూడా.

వాచ్‌మన్ పోచయ్య గేటు సగమే తెరిచాడు.

“సారు పొద్దుగాల్నుంచి గుస్సల ఉన్నడు బిడ్డా. జర చూస్కొని మాట్లాడు.”

“నేను మాట్లాడ్డానికి రాలేదు పోచయ్యా.”

“గట్లనే అంటరు అందరు” అన్నాడతను, దారి వదులుతూ.

ఇంటి వెనక పెరడంటే పెరడు కాదు. కొండని కొంత తొలిచి చదును చేసిన జాగా. మూడువైపులా ఏనుగుల్లాంటి బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. ఆ వైపు ఇంకా ఇళ్ళు లేవు. అన్నిటికంటే పెద్దబండకి ఆనించి ఆరడుగుల ఇనపరేకు నిలబెట్టి ఉంది. తుపాకీ పేలితే కిందవాళ్ళు ఏదో సినిమా షూటింగ్ అనుకుంటారు తప్ప ఇంకేమీ అనుకోరు.

సూర్యప్రకాశరావు తెల్ల లాల్చీ, నల్లకళ్ళద్దాలతో రాతిబల్ల పక్కన నిలబడి ఉన్నాడు. యాభై దాటినా నడుము నిటారుగానే ఉంది. వరండాలో శారదాదేవి కాఫీగ్లాసు పట్టుకుని కూర్చుంది. తాగడం లేదు.

“ఆలస్యం” అన్నాడాయన.

“ఆటోవాడు మీ ఎత్తు ఎక్కనన్నాడు సార్. చెక్‌పోస్టు దగ్గర దిగి నడిచొచ్చాను.”

“కళ్ళు సరిగ్గా లేనివాళ్ళు కాస్త ముందే బయల్దేరాలి.”

“ఏవండీ!” అంది శారదాదేవి.

“నువ్వు కాఫీ తాగు.” ఆయన చెయ్యి చాచాడు. ఫిలోమినా తుపాకీని సంచిలోంచి తీసి, కీలు దగ్గర విరిచి తెరిచి, గొట్టాలు ఖాళీ అని చూపించి ఇచ్చింది. ఆయన దాన్ని వెంటనే పరీక్షించలేదు.

“ముందు ఒక సంగతి తేలాలి. విచారణ తిరగదోడమని యూనియన్లో అర్జీ పెట్టావట. అది వెనక్కి తీసుకో. తుపాకీ సరిచేసిస్తాను.”

ఫిలోమినా వరండా వైపు చూసింది. శారదాదేవి తలవంచుకుంది.

“అమ్మగారు ఈ షరతు చెప్పలేదు సార్.”

“ఈ రేకు అమ్మగారిది కాదు. ఈ విద్యా అమ్మగారిది కాదు.”

“అయితే నా తుపాకీ ఇచ్చేయండి. వెళ్తాను.”

ఆయన ఇవ్వలేదు. అప్పటికే ఆయన బొటనవేలు తుపాకీ మడమ మీద, అంటే భుజానికి ఆనే వెనకచెక్క మీద, చెంప ఆనించే అంచు వెంట నడుస్తోంది. సూర్యప్రకాశరావుకి మనుషుల విషయంలో ఏ పట్టింపులూ లేకపోయినా తుపాకుల విషయంలో ఉన్నాయి. వంకరగా కూర్చున్న తుపాకీని చూస్తే పంటికింద రాయి పడ్డట్టు ఉంటుంది ఆయనకి.

“దీంతోనా నువ్వు ఎడమభుజం మీంచి కొడుతున్నది?” అన్నాడు అసహ్యంగా. “మీ నాన్న చెప్పులేసుకుని పరుగుపందేనికి వెళ్ళినట్టుంది. సరే. ముందు చూద్దాం. బేరం తర్వాత.”

ఫిలోమినా ఖాళీసంచిని రాతిబల్ల మీద పెట్టింది. అర్జీ వెనక్కి తీసుకుంటానని మాత్రం అనలేదు.

ఆయన తూటాల పెట్టెని రాతిబల్ల ఆ చివరికి తోశాడు. తుపాకీని మళ్ళీ విరిచి, తూటాలు కూర్చునే రెండు అరలూ ఆమె వైపు తిప్పాడు. “ఖాళీ. నువ్వు కూడా వేలుపెట్టి చూడు. నిన్ను నేను నమ్మను, నన్ను నువ్వు నమ్మొద్దు.” ఆమె చిటికెనవేలు దూర్చి చూసింది. ఆయన మూసి ఆమెకిచ్చాడు.

ముందు మోచెయ్యి వంచమని, ఆ వంపులో మడమ ఆనించి, ట్రిగ్గర్‌కి వేలు అందుతుందో లేదో చూశాడు. “పొడవు సరిపోయింది. మీ నాన్న చెయ్యీ నీ చెయ్యీ ఒకటే.” ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. ఫిలోమినా మోచెయ్యి దించేసింది. ఆ నోటి నుంచి నాన్న మాట వినడం ఆమెకి ఇష్టం లేదు.

ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి, నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ ఏమనుకున్నాడో గొట్టాలకి బాగా దగ్గరగా వచ్చి నిలబడ్డాడు.

“కన్ను మూసుకుని తుపాకీ భుజానికెత్తు. చెంప ఆనాక కన్ను తెరువు. సర్దుకోకు. నా కుడికంటికి గురిపెట్టు.”

ఫిలోమినా కన్ను మూసుకుంది. భుజం ముందుకొచ్చింది, చెక్క చల్లగా చెంపకి తగిలింది. కన్ను తెరిచింది.

రెండు గొట్టాల మధ్య సన్నటి పట్టీ. దాని కొసన ఇత్తడిచుక్క. చుక్క మీద సూర్యప్రకాశరావు కుడికన్ను.

తుపాకీలో ఏమీ లేదని ఆమెకి తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా ఆ పెరట్లో గాలి ఆగిపోయినట్టయింది. వరండాలో గ్లాసు స్టూలు మీద పెట్టిన చప్పుడు కూడా వినిపించింది. ఆసుపత్రిలో కట్టు విప్పిన రోజునుంచీ ఆ ముఖాన్ని ఇలా ఎదురుగా నిలబెట్టి ఒక్క ప్రశ్న అడగాలని ఫిలోమినా ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఇప్పుడు ఆయనే వచ్చి నిలబడ్డాడు.

“నీ కన్ను పట్టీకి నడిమధ్యన కూర్చోవాలి. కూర్చోలేదు” అంటున్నాడాయన, తల కొద్దిగా పక్కకి తిప్పి చూస్తూ. “బయటికి జరిగిపోయింది. కిందికి కూడా దిగింది. నాకు సగం కన్నే కనిపిస్తోంది.”

“నేను కారు దాటానా సార్?”

“తుపాకీ దించకు.”

“దించలేదు. అడుగుతున్నాను. నేను కారు దాటానా?”

“దాటావు. వెనక్కి తిరిగావు. ఎన్నిసార్లు చెప్పాలి?”

“అంత దూరం నుంచి, ఆ దుమ్ములో, కనిపించిందా?”

“నా కళ్ళ సంగతి నీకెందుకు? నీకు మిగిలిన ఒక్కదాన్ని చూసుకో” అని ఆయన గొట్టాలని అరచేత్తో పక్కకి తోసేశాడు. “చాలు. ఇక రేకు.”

పెద్ద పెద్ద అంగల్లో పదహారు గజాలు కొలిచి నేలమీద చెప్పుతో గీత గీశాడు. సున్నం కొట్టిన రేకు ఎండలో కళ్ళు చెదిరేట్టు తెల్లగా మెరుస్తోంది. దాని నడుమ పిడికెడంత నల్లచుక్క.

“గురి చూడకు. గురి చూస్తే తెలియకుండానే మెడ వంచి తప్పు సర్దేసుకుంటావు, అప్పుడిక తుపాకీ తప్పేమిటో తెలియదు. కన్ను చుక్క మీద పెట్టు. తుపాకీ ఎత్తు. భుజానికి తగిలీతగలగానే కొట్టెయ్.”

ఫిలోమినా చెవుల్లో దూది పెట్టుకుంది. తూటాలు వేసింది. చుక్కని చూసింది, ఎత్తింది, కొట్టింది.

బండలు ఆ మోతని తిప్పి తిప్పి పంపాయి. పొదల్లోంచి పిట్టలు లేచాయి. తెల్లటి సున్నం మీద సీసపుగుళ్ళు బూడిదరంగు మచ్చలా అచ్చుపడ్డాయి. మచ్చ నడుమభాగం చుక్క మీద లేదు. ఆయన మళ్ళీ కొట్టమన్నాడు. మళ్ళీ మళ్ళీ కొట్టించాడు. మచ్చ ముదిరింది తప్ప చోటు మారలేదు. నల్లచుక్కకి జానెడు కుడిగా, నాలుగువేళ్ళు కిందుగా.

“అదీ సంగతి” అన్నాడాయన రేకు దగ్గరికి వెళ్ళి వేలుపెట్టి. “రైఫిల్‌కి వెనకవైపు గురిచూసే ముల్లు ఉంటుంది. దీనికి ఉండదు. నీ కన్నే ఆ ముల్లు. అది ఎటు జరిగితే గుళ్ళు అటు పోతాయి. మీ నాన్న కుడిభుజం మనిషి. మడమని ఆయన చెంపకి తగ్గట్టు కుడివైపుకి వంచారు. అదే నువ్వు ఎడమభుజానికి పెడితే చెక్క నీ చెంపని బయటికి తోస్తోంది. కన్ను కుడికి పోయింది, గుళ్ళు కుడికి పోయాయి. నీ ముఖం సన్నం కాబట్టి కన్ను కిందికి దిగింది, గుళ్ళు కిందికి దిగాయి.”

“సరిచేయడానికి ఎంత మార్చాలి?”

“ఇక్కడ అంగుళం తప్పితే మడమ దగ్గర అంగుళంలో పదహారో వంతు.”

మాట పూర్తికాకముందే బల్ల సొరుగులోంచి ఆకురాయి తీశాడు. ఆమెని అడగలేదు. తుపాకీని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఎడమచెంప ఆనే వైపు వాల్‌నట్ చెక్కని గీయడం మొదలుపెట్టాడు. దేవకుమార్ ముప్ఫయ్యేళ్ళు నూనె రాసి నిగనిగలాడించిన చెక్క అది. పొట్టు సన్నగా రాలి ఆయన లాల్చీ మీద పడుతోంటే ఫిలోమినా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

“ఏం, బాధగా ఉందా?” అన్నాడాయన తలెత్తకుండా. “పోయినవాళ్ళ కొలతలతో బతికేవాళ్ళకి పళ్ళాలు పగలవు.”

“గీయండి సార్. చెక్కే కదా. మీవల్ల పోయినవాటిలో ఇదే చిన్నది.”

ఆకురాయి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది, ఇంకాస్త గట్టిగా.

గీయడం అయ్యాక మడమ పైఅంచు మీద తోలుముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి, టేపు బిగించి చుట్టాడు. ఎత్తించి చూశాడు, ఇంకో ముక్క పెట్టాడు. మళ్ళీ చూశాడు. పోచయ్య చేత రేకుకి తడిసున్నం పూయించి, నల్లచుక్క మళ్ళీ పెట్టించి, “కొట్టు” అన్నాడు.

ఫిలోమినా చుక్కని చూసింది. తుపాకీ లేచింది. ఈసారి చెక్క చెంపని తోయలేదు. ఇంట్లో మనిషి పక్కన కూర్చున్నట్టు వచ్చి ఆనింది. మోత తగ్గాక చూస్తే నల్లచుక్క కనిపించలేదు. దాన్ని మింగేసి చుట్టూ గుండ్రంగా గుళ్ళగుర్తులు. ఇంకోటి కొట్టింది. అదే చోటు.

రెండేళ్ళలో మొదటిసారి ఆమె ఒళ్ళు తేలికయింది. తెలియకుండానే నవ్వింది. తల తిప్పేసరికి ఎదురుగా సూర్యప్రకాశరావు. నవ్వు పోయింది.

“మంచి టేకుతో పైన చిన్నచెక్క అతికించుకో తర్వాత. ఆదివారానికి ఇది చాలు” అన్నాడాయన చేతులు దులుపుకుంటూ. “ఇక అర్జీ.”

“తుపాకీ బాగయింది సార్. అందుకు థాంక్స్. అర్జీ అలాగే ఉంటుంది.”

“ఏమన్నావ్?”

“నేను మాటివ్వలేదు. బేరం తర్వాత అన్నది మీరే.”

ఆయన ముఖం నల్లబడింది. “నా పెరట్లో నిలబడి, నా చేత పని చేయించుకుని, నామీదే పోతావా? ఎవరనుకున్నావు నువ్వు? గోడలు దూకేదానివి. ఒంటికన్నుదానివి. ఆదివారం అక్కడ నిలబడితే జనం జాలిపడి చప్పట్లు కొడతారు, అంతే. రెండు కళ్ళూ ఉన్నవాడి దెబ్బ ఎలా ఉంటుందో చూపిస్తాను, ఉండు.”

విసురుగా లోపలికి వెళ్ళి తోలుపెట్టెలోంచి తన తుపాకీ తెచ్చాడు. శారదాదేవి వరండా మెట్లు దిగి అడ్డంగా వచ్చింది.

“వద్దండీ. దాన్ని ముట్టుకుని ఎన్నాళ్ళయింది! ఆ పిల్లని వెళ్ళనివ్వండి. ఇప్పుడెందుకండీ ఇదంతా?”

ఆ గొంతులో భయం ఉంది. భర్త ఒక అమ్మాయి మీద అరుస్తున్నాడన్న భయంలా లేదది. ఫిలోమినా గమనించింది.

“తప్పుకో” అన్నాడాయన. గీత మీద నిలబడ్డాడు. అందమైన భంగిమ. తెరమీద ఆ భంగిమకే ఈలలు పడేవి. కుడిభుజానికి తుపాకీ లేచింది, పేలింది.

నల్లచుక్క ఉన్నచోట ఫిలోమినా కొట్టిన గుర్తులే ఉన్నాయి. కొత్తవి ఎక్కడా కనిపించలేదు. తర్వాత కనిపించాయి. రేకు ఎడమ అంచున. సగం గుళ్ళు రేకుని దాటిపోయి వెనకబండని గీరాయి.

“తూటా పాతది” అన్నాడాయన. రెండో గొట్టం పేల్చాడు.

అదే అంచు. అదే చోటు.

ఫిలోమినా నడుచుకుంటూ రేకు దగ్గరికి వెళ్ళింది. నల్లచుక్క మీద మోచెయ్యి పెట్టి మూర కొలిచింది. ఇంకో మూర కొలిచింది. అప్పటికి అందింది ఆయన దెబ్బ.

“ఈ తుపాకీ మీ కొలతలకి దగ్గరుండి చేయించుకున్నది కదా సార్. దీంతో తుపాకీల క్లబ్బులో మీరు పళ్ళెం తప్పడం నేనెప్పుడూ చూడలేదు.”

“చెయ్యి ఒణికింది.”

“ఒణికితే ఒకటి ఇటు, ఒకటి అటు పోయేది. రెండూ ఒకేచోట పడ్డాయి.” ఆమె వెనక్కి వచ్చింది. “మడమ మారలేదు. మీ ముఖం మారలేదు. కుడిభుజం మీంచి కొట్టేవాడి గుళ్ళు ఇంత ఎడమకి పోయాయంటే గురి చూసింది కుడికన్ను కాదు.”

“నోర్ముయ్.”

“తుపాకీ ఖాళీ చేయండి సార్. నా కంటికి గురిపెట్టండి. ఇందాక నేను పెట్టినట్టే.”

“నువ్వు నన్ను పరీక్షిస్తావా?”

“అంత గొప్ప చూపయితే భయమెందుకు?”

“ఫిలోమినా, వద్దమ్మా, వెళ్ళిపో” అంది శారదాదేవి. ఆ మాటతోనే ఆయన ఒప్పుకున్నాడు. అవమానం కంటే జాలి ఆయనకి ఎక్కువ మండుతుంది. తుపాకీ విరిచి ఖాళీ తూటాలు నేలమీద పడేశాడు. ఫిలోమినా వేలుపెట్టి చూసింది. ఆయన మూసి భుజానికెత్తాడు.

గొట్టాల ఎదుట నిలబడడం ఎలా ఉంటుందో అప్పటిదాకా ఆమెకి తెలియదు. రెండు నల్లటి సున్నాలు. వాటి మీదుగా, ఇత్తడిచుక్క వెనక, ఆమె వైపు సూటిగా చూస్తున్నది సూర్యప్రకాశరావు ఎడమకన్ను. కుడికన్ను పట్టీ పక్కన ఎక్కడో తెరిచే ఉంది. ఆ కన్ను దేన్నీ చూడడం లేదు.

“ఎడమకన్ను మూయండి” అంది.

ఆయన మూశాడు. గొట్టాలు కొద్దిగా కదిలి, ఆమె ముఖం ఉన్నచోటే ఆగాయి.

ఫిలోమినా చప్పుడు చేయకుండా ఒక అడుగు పక్కకి వేసింది. ఇంకో అడుగు వేసింది. గొట్టాలు కదల్లేదు. ఇప్పుడు అవి ఖాళీజాగాని, దాని వెనక సీతాఫలం పొదని చూస్తున్నాయి.

“ఏం? చూసుకున్నావా? సరిపోయిందా?” అన్నాడు సూర్యప్రకాశరావు, పొదతో.

“సరిపోయింది సార్” అంది ఫిలోమినా పక్కనుంచి.

ఆయన ఉలిక్కిపడి ఎడమకన్ను తెరిచాడు. మనిషి ఎక్కడుందో వెతుక్కుని చూశాడు. తుపాకీ దిగిపోయింది. ఆ దిగడంలోనే ఆయన వయసంతా ఒక్కసారి మీదపడ్డట్టు భుజాలు కుంగాయి.

“ఎప్పట్నుంచి?” అంది ఫిలోమినా.

జవాబు శారదాదేవి చెప్పింది, మెట్ల దగ్గర స్తంభం పట్టుకుని.

“ఆ సినిమా మొదలవకముందు నుంచే. కుడికంటికి వెలుగు తప్ప ఏమీ తెలియదు. ఎడమకన్ను దగ్గరివే చూస్తుంది, దూరం ఆనదు. అద్దాలు పెట్టుకుంటే హీరో ఎలా అవుతారు? మద్రాసు డాక్టరుకీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు.”

“శారదా! లోపలికి పో!”

“పోను.”

ఆ ఇంట్లో ఆ మాట ఆయన ముందెప్పుడూ విన్నట్టు లేదు.

ఫిలోమినా తన తుపాకీని బల్లమీంచి తీసి గుండెకి ఆనించుకుంది. “అయితే యూనియన్ ముందు చెప్పింది? రెండు కళ్ళతో చూశానన్నారు. నా కార్డు పోయింది. నా మాట ఒక్కరు నమ్మలేదు. చర్చిలో కూడా నన్ను చూసి గుసగుసలాడుకున్నారు. వెనక్కి ఎందుకు తిరిగావని మా అమ్మే నన్నడిగింది సార్! నేను తిరిగానేమో, దెబ్బకి మరిచిపోయానేమో అని నన్ను నేనే అనుమానించుకున్నాను. మీరేమో అసలు చూడనేలేదు!”

“చూశాను!” అని అరిచాడాయన. “నేను చూడకుండా జెండా దించుతానా? అంత పాపిష్టివాణ్ణా? నాకు... నాకు చెప్పేవాళ్ళున్నారు.”

“ఎవరు?”

ఆయన కళ్ళు భార్య వైపు వెళ్ళాయి. అప్పుడు గుర్తొచ్చింది ఫిలోమినాకి. సెట్లో ఎప్పుడూ ఆయన పక్కనే గొడుగు పట్టుకుని నిలబడే శారదాదేవి. వేరే మనిషికి గొడుగు ఇవ్వదని, మొగుణ్ణి కాపలా కాస్తోందని యూనిట్ అంతా నవ్వుకునేది. చెవి దగ్గర ఆమె ఏదో చెబుతూ ఉండేది. ఎవరొస్తున్నారో, ఎంత దూరంలో ఉన్నారో, కెమెరా ఎటు తిరిగిందో అన్నీ ఆమే చెప్పేదని ఇప్పుడు అర్థమైంది.

“ఆ రోజు ‘దాటిందా?’ అని అడిగారు” అంది శారదాదేవి. “‘దాటింది’ అన్నాను. ఆయన జెండా దించారు.”

“నేను దాటలేదమ్మా.” ఫిలోమినా గొంతు చిన్నదైపోయింది. “అంతదూరం కదా, మీరూ పొరపడ్డారేమో. దుమ్ము కదా. నేను కారుకి ఇవతలే ఉన్నాను.”

“తెలుసు.”

సూర్యప్రకాశరావు గిరుక్కున తిరిగాడు. “ఏంటి తెలుసు? దాటిందన్నావు కదే నాతో! అంతా అయ్యాక కూడా, దాటింది, మళ్ళీ వెనక్కి తిరిగిందని ఒట్టేసి చెప్పావు. నీ మాట పట్టుకునే కదా నేను అందరిముందూ...”

“మీకు అబద్ధం చెప్పానండీ.”

ఎండ నేరుగా ఆవిడ ముఖం మీద పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఫిలోమినా వైపే చూస్తోంది, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని చూసినట్టే.

“ఆ సీన్ హీరోయిన్ సత్యలక్ష్మి తనే చేస్తానని పొద్దుటినుంచీ పట్టుబట్టింది. ఈయన సరే అన్నారు. ఆ రోజుల్లో ఆవిడ అడిగినదేదీ ఈయన కాదనేవారు కాదు. అది ఫిల్మ్‌నగర్ అంతా తెలుసు, నీకూ తెలుసు. నేను మా కారు దగ్గరికి వెళ్ళి గొడుగు తెచ్చుకునేలోగా మనసు మార్చుకుని నిన్ను పంపారు. నాకెవరూ చెప్పలేదు. ఇద్దరికీ ఒకటే పసుపుచీర, ఒకటే జడ. అంత దూరం నుంచి ముఖం తెలియదు.”

“శారదా...” అన్నాడు సూర్యప్రకాశరావు. ఆ పిలుపులో కోపం లేదు. భయం ఉంది.

ఆవిడ ఆయన వైపు చూడనే లేదు.

“కారు పక్కన పరిగెడుతున్నది నువ్వనుకోలేదమ్మా ఫిలోమినా” అంది.